అత్తగారు కూడబెట్టిన క్వార్టర్లు

మా అత్తగారు అమెరికా వచ్చిన మూడో చలికాలంలో మా ఇంటి ముందు మెట్ల మీద గడ్డకట్టిన మంచుకి జారిపడి మణికట్టు విరగ్గొట్టుకున్నారు. 1980 జనవరి అది. పిల్లలిద్దరినీ స్కూలు బస్సు ఎక్కించి వెనక్కి వస్తూ పడ్డారు. నేను నర్సుని, ఆ రోజు వేరే ఆవిడకి బదులు హాస్పిటల్‌లో పొద్దుటి డ్యూటీలో ఉన్నాను, మా ఆయన లాబ్‌లో ఉన్నారు. ఎదురింటి ఆవిడ కిటికీలోంచి చూసి పరిగెత్తుకొచ్చి, తన కార్లోనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది. ఎక్స్‌రే, పిండికట్టు, ఎముకల డాక్టరు ఫీజు అన్నీ కలిపి వచ్చిన బిల్లు చూసి మా ఆయన ఆ సాయంత్రమంతా ఇన్సూరెన్స్ కాగితాలు తిరగేస్తూ కూర్చున్నారు. ఆయన కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్ భార్యాపిల్లల వరకే. తల్లి అందులోకి రాదు.

ఆవిడ 1977లో న్యూజెర్సీ వచ్చారు, మా ఆయన సిటిజన్ అయిన మరుసటి ఏడాది. అప్పటికి అరవై రెండేళ్లు. గుంటూరు దగ్గర మిషన్ వాళ్ల ఆడపిల్లల హాస్టల్లో చాలా ఏళ్లు మేట్రన్‌గా చేసి రిటైరయ్యారు. వంద మందికి వండించి, పెట్టించి, గిన్నెలు కడిగించిన మనిషి. చేతి కింద మనుషులు లేని ఇంట్లో ఆ పనులన్నీ తనే చేసుకోవడం అలవాటు చేసుకున్నారు. తల్లిని ప్రేమతో తెచ్చుకున్నామని మేము అందరికీ చెప్పేవాళ్లం. ప్రేమ ఉన్నమాట నిజమే. నాకు ఈవెనింగ్ షిఫ్టు ఉన్నమాటా, బేబీ సిట్టర్‌కి ఇచ్చే డబ్బు మిగిలినమాటా అంతే నిజం.

కట్టు విప్పిన వారం ఆవిడని వెంటబెట్టుకుని, ముసలివాళ్ల పెన్షన్లు చూసే సోషల్ సెక్యూరిటీ ఆఫీస్‌కి వెళ్లాను. నా వార్డులో ముసలివాళ్లందరికీ మెడికేర్ అని ప్రభుత్వ ఇన్సూరెన్స్ కార్డు ఉంటుంది, ఆవిడకీ అరవై అయిదు రాబోతోంది, ఏదో ఒక దారి ఉండకపోతుందా అనుకున్నాను. కౌంటర్లో ఉన్నావిడ మంచిదే, విసుక్కోకుండా చెప్పింది. దారులు రెండే. ఒకటి, ఈ దేశంలో వరసగా అయిదేళ్లు ఉండి ఆ తర్వాత నెలనెలా ప్రీమియం కట్టి కొనుక్కోవడం. డాక్టరు ఖర్చులకి కట్టేది తక్కువే, హాస్పిటల్ ఖర్చులకి కట్టేది మాత్రం చాలా ఎక్కువ. రెండోది, ఇక్కడ ఉద్యోగం చేసి, జీతంలోంచి సోషల్ సెక్యూరిటీ టాక్స్ కట్టి, తగినన్ని క్వార్టర్లు సంపాదించుకోవడం. మూడు నెలల పనికి ఒక క్వార్టరన్నది పాత లెక్కట, ఇప్పుడు ఏడాదిలో ఇంత సంపాదిస్తే నాలుగూ వస్తాయట. అలా సంపాదించుకుంటే హాస్పిటల్ భాగానికి ప్రీమియమే ఉండదు. అత్తగారి వయసు వాళ్లకి ఆరున్నరేళ్ల పని సరిపోతుందంది.

నాకు ఒక ఆలోచన వచ్చింది. "ఈవిడ మా పిల్లల్ని చూసుకుంటున్నారు. నేను జీతం ఇస్తాను, టాక్స్ కూడా కడతాను. ఆ పని లెక్కలోకి వస్తుందా?" అని అడిగాను.

"మీ ఇంట్లోనేనా?"

"అవును."

"కొడుకు ఇంట్లో పిల్లల్ని తల్లి చూసుకుంటే దాన్ని ఉద్యోగంగా లెక్కపెట్టరు," అంది ఆవిడ. "ఎదురింటి వాళ్ల పిల్లల్ని చూస్తే లెక్కపెడతారు."

మేట్రన్‌గా చేసిన రోజుల నుంచీ అత్తగారికి ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది, మాట్లాడటానికే మొహమాటం. కార్లో కూర్చోగానే అడిగారు.

"అయితే మూడేళ్లుగా మీ ఇంట్లో నేను చేస్తోంది పని కాదన్నమాట."

"రూల్ అలా ఉంది అత్తయ్యా."

"సరే. ప్రీమియం అర్థమైంది. ఆ డిడక్టిబుల్ అన్నదేంటే?"

"హాస్పిటల్‌లో చేరితే మొదట కొంత మనం కట్టాలి. అది దాటాకే వాళ్లు కట్టడం మొదలుపెడతారు. డాక్టరు ఖర్చులకి వేరే డిడక్టిబుల్, ఏడాదికోసారి. అది దాటాక కూడా నూటికి ఇరవై మనవే."

"నెలనెలా కట్టించుకుని, తీరా మంచాన పడ్డాక మళ్లీ ముందు నువ్వు కట్టు అంటారా?"

"అవును. ఇంటికొచ్చేసి రెండు నెలలు దాటాక మళ్లీ చేరాల్సి వస్తే, మళ్లీ మొదట్నుంచి కట్టాలి."

"దాన్ని ఇన్సూరెన్స్ అంటారా మీరు?" అన్నారు. కారు దిగుతూ, "నేను ఉద్యోగం చేస్తానే అమ్మాయ్. నా కార్డు నేనే తెచ్చుకుంటా," అన్నారు.

అప్పటికి న్యూజెర్సీలోని ఐసెలిన్ ఊళ్లో ఇప్పటి ఇండియన్ బజారు లేదు. పప్పులూ బియ్యం కావాలంటే ఎంతో దూరం డ్రైవ్ చేయాలి. మా ఊళ్లో రైల్వే స్టేషన్ వెనక ఒక తెలుగాయన అప్పుడే చిన్న కొట్టు పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నాలు ఒక అమెరికన్ చర్చి బేస్‌మెంట్లో మా తెలుగువాళ్ల ఆరాధన జరిగేది. ఆయన అక్కడ పెద్దల్లో ఒకడు, ప్రార్థన చేస్తే గొంతు హాలంతా వినబడేది. కొట్టు వెనక వంటగది ఉంది. సమోసాలు, జంతికలు, గోంగూర పచ్చడి, ఎవరింట్లోనైనా ఫంక్షన్ ఉంటే బిర్యానీ. చేసేవాళ్లు కావాలంటున్నాడని విని అత్తగారే ఒక ఆదివారం ఆయన్ని అడిగారు. ఆయన ఎగిరి గంతేశాడు.

"పిన్నిగారూ, మీ చేతి వంట అంటే ఇంకేం కావాలండీ!"

"జీతంలో సోషల్ సెక్యూరిటీ పట్టుకోవాలి బాబూ. నాకు అది ముఖ్యం," అన్నారు ఆవిడ మొదటి మాటే.

"తప్పకుండా అండీ. అంతా లీగల్‌గానే."

వారానికి నాలుగు రోజులు, పిల్లలు స్కూల్లో ఉన్నంతసేపు. ఆవిడకి డ్రైవింగ్ రాదు, నడిచి వెళ్లేవారు. చలికాలంలో మా ఆయన పాత కోటు వేసుకుని, తలకి శాలువా చుట్టుకుని, బూట్లలో రెండు జతల మేజోళ్లు తొడుక్కుని వెళ్లేవారు. శుక్రవారం శుక్రవారం కొట్టాయన ఒక కవర్లో డబ్బు పెట్టి ఇచ్చేవాడు. "టాక్స్ కట్ చేశాను పిన్నిగారూ," అని ప్రతిసారీ చెప్పేవాడట. ఆ మాట ఆవిడ ఇంటికొచ్చి నాకు సంతోషంగా చెప్పేవారు. కవర్లోది మనవరాళ్లకి బట్టలకీ, చర్చి కానుకకీ పోయేది. "చేతికిచ్చింది ఎటూ ఖర్చయిపోతుందే. పట్టుకున్నదే నాది," అనేవారు.

ప్రతి జనవరిలో నాకు హాస్పిటల్ నుంచి జీతం వివరాల కాగితం వచ్చేది, ఆవిడకి వచ్చేది కాదు. రెండో ఏడు నేను కొట్టుకెళ్లి అడిగాను. అకౌంటెంట్ పంపిస్తాడమ్మా అన్నాడు. మూడో ఏడూ అడిగితే అదే జవాబు. మా ఆయనతో చెప్పాను.

"అమ్మ జీతానికి టాక్స్ ఫైల్ చేయాల్సిన పనే లేదు. వచ్చే ఆదివారం మళ్లీ మొహమొహాలు చూసుకోవాలి, ఎందుకిప్పుడు గొడవ?" అన్నారు.

1982లో ఆవిడకి ఈ దేశంలో అయిదేళ్లు నిండాయి. కావాలంటే రెండు భాగాలూ కొనుక్కోవచ్చు. డాక్టర్ల భాగానికి ప్రీమియం నెలకి పదీ పన్నెండు డాలర్ల దగ్గర ఉంది. హాస్పిటల్ భాగం వంద దాటింది. డైనింగ్ టేబుల్ దగ్గర ముగ్గురం కూర్చున్నాం. రెండూ తీసుకుందాం అన్నాను నేను. హాస్పిటల్‌లో ఒక్క రాత్రి పడుకుంటే ఎంతవుతుందో రోజూ చూస్తున్నదాన్ని.

"ఇంకో నాలుగేళ్లలో క్వార్టర్లు నిండితే ఊరికే వచ్చేదానికి ఇప్పట్నుంచీ నెలకి వంద తగలేయడం ఎందుకు?" అన్నారు మా ఆయన.

"వాడు చెప్పిందే సరి. నా కష్టంతో వస్తోంది కదా, వద్దు," అన్నారు అత్తగారు.

డాక్టర్ల భాగం ఒక్కటే తీసుకున్నాం. మూడు నెలలకోసారి బిల్లు వచ్చేది, నేను చెక్కు రాసేదాన్ని. ఏటా మొదటి డెబ్బై అయిదు డాలర్లు మేమే పెట్టుకోవాలి కాబట్టి, బీపీ మాత్రల కోసం రెండుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్లే మనిషికి దానివల్ల ఒరిగింది దాదాపు ఏమీ లేదు. అత్తగారు మాత్రం బాధపడలేదు. ఇది కొన్నది, అది సంపాదించుకునేది అని రెండిటికీ తేడా చెప్పేవారు.

1985 అక్టోబర్లో, ఇంకెన్ని క్వార్టర్లు కావాలో కనుక్కుందామని మళ్లీ ఆ ఆఫీస్‌కి వెళ్లాం. ఆవిడ పట్టుచీర కట్టుకున్నారు. ఈసారి కౌంటర్లో ఒక కుర్రాడున్నాడు. అత్తగారి సోషల్ సెక్యూరిటీ నంబరు కొట్టి కంప్యూటర్ తెరకేసి చూశాడు. మళ్లీ అడిగి మళ్లీ కొట్టాడు.

"ఈ నంబరు మీద జీతం ఏమీ లేదండీ," అన్నాడు.

"ఏ ఏడాదికి?" అన్నాను.

"ఏ ఏడాదికీ లేదు. ఈవిడ ఇక్కడ ఎప్పుడూ పనిచేసినట్టు లేదు."

అత్తగారు నా మొహం వైపు చూశారు. తను సరిగ్గా వినలేదేమోనని అనుకున్నట్టున్నారు. నేను తెలుగులో చెప్పాల్సి వచ్చింది. అంత కష్టమైన మాట నేను వార్డులో కూడా ఎవరికీ చెప్పలేదు. పే స్టబ్ అనే జీతం చీటీ కానీ, చెక్కు కానీ, పని చేస్తుండగా చూసినవాళ్ల వాంగ్మూలం కానీ తెస్తే విచారిస్తాం, కానీ బాగా పాత ఏళ్లవి సరిచేయడం కష్టం అన్నాడు ఆ కుర్రాడు. ఆవిడ కుర్చీ చెయ్యి పట్టుకుని లేచి, "పద, కొట్టుకి పోదాం," అన్నారు.

కొట్టాయన కౌంటర్ వెనక కందిపప్పు తూస్తున్నాడు. విషయం చెప్పాను. ఆయన మొహంలో పెద్ద మార్పేం రాలేదు, చేతిలో గరిట కింద పెట్టి మామూలుగానే మాట్లాడాడు.

"పిన్నిగారూ, మీరు నాకు అమ్మలాంటివారు. ఇంట్లో ఊసుపోక వచ్చి నాకు సాయం చేశారు. నేనూ చేతిలో ఏదో పెట్టాను. దాన్ని ఉద్యోగం అంటే ఎలాగండీ?"

"మరి వారం వారం టాక్స్ కట్ చేశానన్నావే?"

"అకౌంటెంట్ ఏదో కన్ఫ్యూజ్ అయ్యుంటాడండీ. చిన్న బిజినెస్, అన్నీ చూసుకోవడం నావల్ల అవుతుందా?"

"అమ్మలాంటిదాని జీతంలో కోసుకున్నావా బాబూ?" అన్నారు ఆవిడ. గొంతు పెంచలేదు. వెనక వంటగదిలోకి వెళ్లి, తన ఏప్రను, తను ఇంటి నుంచి తెచ్చుకున్న అప్పడాల కర్ర తీసుకుని వచ్చేశారు.

నేను వదలదలుచుకోలేదు. వంటగదిలో ఆవిడతో పాటు మూడేళ్లు పనిచేసిన ఒక అమ్మాయి ఉంది, ముప్ఫై ఏళ్లుంటాయేమో. అక్క దగ్గరికి విజిటర్ వీసా మీద వచ్చి ఉండిపోయింది. ఆ అమ్మాయి వాంగ్మూలం ఒక్కటి ఉంటే చాలు. అడుగుదాం అన్నాను.

"దాన్ని అడక్కు," అన్నారు అత్తగారు.

"ఎందుకని? తను చూసింది చెప్పడమే కదా."

"పేరు రాయాలి, సంతకం పెట్టాలి. వీసా ఏదని అడిగితే? నా ఆస్పత్రి కార్డు కోసం దాన్ని దేశం దాటించనా?"

నేనైతే అడిగేదాన్నే. ఇప్పుడైనా అడుగుతాను. ఆ ఒక్క విషయంలో అత్తగారి మంచితనం మీద నాకు కోపం ఇంకా పోలేదు. మా ఆయన ఇంకో రకం. లాయరు అంటే భయం, కొట్టాయనతో ఎదురుపడి మాట్లాడటం అంటే ఇంకా భయం. "పాస్టర్‌గారితో చెబుదాం," అన్నారు.

పాస్టర్‌గారు ఇంటికొచ్చారు. టీ తాగి, చాలాసేపు ప్రార్థన చేసి, తోటి విశ్వాసుల మధ్య ఇలాంటివి మనసులో ఉంచుకోకూడదని, క్షమించమని అత్తగారికి చెప్పారు.

"క్షమించమని నన్ను అడుగుతారేం అయ్యగారూ? కట్టమని ఆయన్ని అడగండి," అన్నారు ఆవిడ.

పాస్టర్‌గారు అడిగారో లేదో నాకు తెలియదు. తర్వాతి ఆదివారం ఆరంభ ప్రార్థన కొట్టాయనే చేశాడు. మేము అక్కడికి వెళ్లడం మానేశాం. మానేశామని ఎవరూ ఫోన్ చేయలేదు. ఎవరో ఒకావిడ మాత్రం షాపింగ్ మాల్‌లో కనబడి, పెద్దావిడ చాదస్తానికి మీరు కూడా అంత పట్టింపుకి పోతారా అంది.

ఇక మిగిలింది హాస్పిటల్ భాగాన్ని కొనడమే. కానీ మొదటిసారి వద్దన్నవాళ్లు ఎప్పుడు పడితే అప్పుడు కొనలేరు. ఏటా జనవరి నుంచి మార్చి లోపలే దరఖాస్తు పెట్టాలి. పెట్టినా అమల్లోకి వచ్చేది జులై ఒకటి నుంచి. ప్రీమియం ఈలోగా రెండు వందలు దాటింది, ఆలస్యానికి జరిమానా దాని మీద. 1986 జనవరి మొదటి వారంలోనే సంతకాలు పెట్టించాను. "జులై ఒకటి దాకా జాగ్రత్తగా ఉండండి అత్తయ్యా," అన్నాను నవ్వుతూ. ఆవిడ ఆ మాటని నవ్వులాటగా తీసుకోలేదు.

ఏప్రిల్ చివర్లో తిండి తగ్గించారు. అడిగితే ఉపవాస ప్రార్థనలో ఉన్నానన్నారు. నూనె వస్తువు ముట్టుకునేవారు కాదు. నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి గది తలుపు వేసుకుని పడుకునేవారు, పొద్దున నేను లేచేసరికి స్నానం చేసి, బొట్టులేని ఆ నుదురు మీద పౌడరు అద్దుకుని, పిల్లలకి లంచ్ డబ్బాలు కడుతూ కనబడేవారు. మే అంతా అలాగే గడిచింది. జూన్ మొదట్లో ఒక మధ్యాహ్నం బాత్‌రూమ్ దగ్గర కూలబడ్డారు. ఆ రోజు నాకు సెలవు. లేపి కూర్చోబెట్టి వెలుతురులో కళ్లు చూశాను, పసుప్పచ్చగా ఉన్నాయి. ఒళ్లు పొయ్యిలా కాలుతోంది.

"ఎన్నాళ్ల నుంచి నొప్పి?"

"ఇవాళ తారీకెంత?" అన్నారు.

చెప్పాను.

"ఇంకొంచెం ఓర్చుకుంటే సరిపోయేది," అన్నారు.

పిత్తాశయంలో రాళ్లు. అప్పటికే చీముపట్టి పగిలింది. మా హాస్పిటల్లోనే ఆపరేషన్ చేశారు. నెల ముందు తీసుకొచ్చి ఉంటే చిన్న పని అన్నాడు సర్జన్. రెండు వారాల పైన ఉన్నారు, అందులో సగం ఐసీయూలో. సర్జన్ ఫీజులో ఎక్కువ భాగం డాక్టర్ల ఇన్సూరెన్స్ కట్టింది. మంచానికి, మందులకి, ఆపరేషన్ థియేటర్‌కి అయినది పన్నెండు వేల చిల్లర. అదంతా మాదే. నేను అక్కడి ఉద్యోగినని దయతలచి వాయిదాలు పెట్టారు. వారాంతాల్లో ఓవర్‌టైమ్ మొదలుపెట్టాను.

మాట్లాడే ఓపిక వచ్చాక ఒక రోజు అత్తగారు అడిగారు.

"ఆ కొట్టాయన సరిగ్గా కట్టి, నాకు కార్డు వచ్చి ఉంటే, ఎంత పోయేదే మనకి?"

అబద్ధం చెబుదామనుకున్నాను. ఇలాంటివి ఆవిడ ఎలాగూ కనుక్కుంటారు.

"డిడక్టిబుల్ ఒక్కటే అత్తయ్యా. అయిదు వందలకి కొంచెం తక్కువ."

"అంతేనా?" అన్నారు. గోడవైపు తిరిగి పడుకున్నారు. ఏడుస్తున్నారని వీపు చూస్తే తెలిసింది. ఆ నొప్పిలో కూడా ఏడవని మనిషి.

ఇంటికొచ్చాక పాత మనిషి కాలేదు. కర్ర లేకుండా నడవలేకపోయారు. జులైలో కార్డు వచ్చింది, రెండు భాగాలూ ఉన్నాయని దాని మీద అచ్చువేసి. ప్రతి నెలా ఒక పక్క ఆపరేషన్ బిల్లు వాయిదా, ఇంకో పక్క ప్రీమియం. జనవరి రాగానే ప్రీమియం ఎంత పెరిగిందని అడిగేవారు, చెబితే పెదవి విరిచేవారు. "కట్టడం ఆపేయండి, నాకేం కాదు," అని ఒకటి రెండుసార్లు అన్నారు. మా ఆయన ఆపేద్దామా అన్నట్టు నా వైపు చూశారు. ఆ చెక్కు నా ఓవర్‌టైమ్ డబ్బులోంచి పోతుంది, మీరు చూడక్కర్లేదు అన్నాను. ఆ తర్వాత మా ఇంట్లో ఆ విషయం మాట్లాడుకోలేదు. నిజానికి చాలా విషయాలు మాట్లాడుకోవడం మానేశాం.

ఆవిడ 1989 ఫిబ్రవరిలో పోయారు. పొద్దున జావ తాగి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని నిద్రపోయారు, లేవలేదు. కొన్న దగ్గర్నుంచి ఆ హాస్పిటల్ భాగాన్ని ఒక్క రోజు కూడా వాడలేదు. ఆపరేషన్ బిల్లు వాయిదాలు ఇంకా ఏడాది మిగిలి ఉన్నాయి.

సమాధి దగ్గర్నుంచి వచ్చిన సాయంత్రం ఇంటినిండా మనుషులు. పాత ఆరాధన వాళ్లు కూడా అన్నం గిన్నెలు పట్టుకుని వచ్చారు. మా ఆయన హాల్లో వాళ్ల మధ్య కూర్చుని, "అమ్మ అదృష్టవంతురాలు. హాస్పిటల్ అవసరం లేకుండా, ఎవరికీ భారం కాకుండా పోయింది," అన్నారు. అందరూ అవునన్నారు. నేను వంటింట్లోకి వెళ్లి కుళాయి గట్టిగా తిప్పాను, ఇంకేమంటారో వినపడకుండా.